గణితబంధువు వి. రామస్వామి అయ్యరుగారు

ఒంటరిగా కూర్చుండి లెక్కలు చేయువానికి రెండు కష్టములు కలవు. దారి తప్పినపుడు హెచ్చరించువారుండరు. దారి దొరకినపుడు సంతోషమును పంచుకొనువారుండరు. ఈ కష్టములెరిగి, వానిని దేశములోని గణితాభిమానులందరకు తొలగింప బూనిన మహనీయులు వి. రామస్వామి అయ్యరుగారు. వారు తమిళులైనను, వారి జీవితములోని ముఖ్యకార్యము మన తెలుగుసీమలోని గుత్తియందే ఆరంభమయ్యెను. గ్రంథాలయమును ఇరువదియైదేండ్లు కాపాడుకొన్న అమృతలూరు వాసులు వారి చరిత్రమును తెలిసికొనుట ఎంతయు ఉచితము.

అయ్యరుగారు 1871లో జన్మించిరి. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చదువుచున్న కాలముననే లండను నుండి వెలువడు ఎడ్యుకేషనల్ టైమ్స్ పత్రికకు గణిత విషయములు వ్రాసి పంపుచుండిరి. ఒకరు ప్రశ్న నిచ్చుట, ఎక్కడనో యున్న మరియొకరు దానిని సాధించి పంపుట ఆ పత్రికలో ఆచారము. వ్రాయువాడు విద్యార్థియని యెరుగక సంపాదకులు వారిని ప్రొఫెసరని సంబోధించిరి. ఆ పేరే వారికి స్థిరపడెను. పిమ్మట వారు ప్రభుత్వోద్యోగములో చేరి డిప్యూటీ కలెక్టరు అయినను, మిత్రులు వారిని ప్రొఫెసరు రామస్వామి అయ్యరనియే పిలుచుచుండిరి.

ఉద్యోగవశమున వారు అనంతపురము జిల్లా గుత్తిలో నుండవలసివచ్చెను. కొత్త గణితగ్రంథములుగాని, విదేశ పత్రికలుగాని చూడవలెనన్న అచ్చట వీలులేదు. అన్నియు కొనుటకు ఒక్కని సంపాదన చాలదు. 1906 డిసెంబరు 25వ తేదీన వారు కొందరు మిత్రులకు ఒక లేఖ వ్రాసిరి. తలకు ఏటికి 25 రూపాయలు చందా వేసికొని, పుస్తకములను, పత్రికలను తెప్పించి, ఒకరి తరువాత నొకరు చదువుకొందమనియు, అరడజను మంది చేరినను పని సాగుననియు దాని సారాంశము. ఆనాడు 25 రూపాయలనగా ఒక గుమాస్తాకు ఇంచుమించు నెలజీతము. అయినను ఇరువదిమంది ముందుకు వచ్చిరి. 1907 ఏప్రిల్ 4వ తేదీన సంఘము వెలసెను. మదరాసు ఇంజనీరింగు కళాశాలలో గణితాచార్యులైన బి. హనుమంతరావుగారు ప్రథమాధ్యక్షులైరి. గ్రంథాలయము పూనా ఫెర్గూసన్ కళాశాలలో నెలకొనెను. నేడు భారత గణితశాస్త్ర సంఘమని పేరొందిన సంస్థ ఇదియే.

మన పొరుగునున్న కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువపై పడవలో గ్రంథములను త్రిప్పిరి. పాఠకుడు పుస్తకమును వెదకికొని పోలేనపుడు పుస్తకమే పాఠకుని వెదకికొని పోవలెనను తలంపు రెండింటను ఒక్కటే.

సంఘపత్రికలోను ప్రశ్నలు, సాధనలు వెలువడజొచ్చెను. ఎవడును ఒంటరికాకుండుటకు ఇదియొక ఉపాయము. దీని విలువ కొలదికాలములోనే లోకమునకు తెలియవచ్చెను. 1910లో అయ్యరుగారు తిరుక్కోయిలూరులో ఉద్యోగము చేయుచుండగా ఒక బీద యువకుడు చంకలో నోటుపుస్తకములతో వచ్చి, గుమాస్తా పని యిప్పింపుడని వేడుకొనెను. అతడే శ్రీనివాస రామానుజన్. అయ్యరుగారు ఆ పుస్తకములను తిరుగవేసి చూచిరి. అడిగిన పని నిచ్చియున్న ఆ యువకుని ఆకలి తీరియుండును. కాని ఆ ప్రతిభ తాలూకా కచేరి కాగితముల క్రింద అణగిపోయియుండును. కావున వారు ఆ పని ఈయక, మదరాసులోని గణితవేత్తలకు పరిచయలేఖ వ్రాసి పంపిరి. ఆ పరిచయముల వలననే రామానుజన్ నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావుగారిని చేరెను. సంఘసభ్యులైన రావుగారు నెలకు 25 రూపాయలిచ్చి అతనిని పోషించిరి.

1911లో రామానుజన్ సంఘపత్రికలో ఒక ప్రశ్న వేసెను. వర్గమూలములో వర్గమూలము, దానిలో మరల వర్గమూలము, ఇట్లు అంతులేక సాగు లెక్క అది. ఆరు నెలలు గడచినను ఎవ్వరును సమాధానము పంపలేదు. తుదకు అతడే విప్పి చెప్పెను. మూడు అనగా తొమ్మిదికి వర్గమూలము. ఆ తొమ్మిదిని ఒకటియు, రెండు నాలుగులునుగా వ్రాయవచ్చును. నాలుగు అనగా పదునారింటికి వర్గమూలము. పదునారనగా ఒకటియు, మూడు ఐదులును. ఐదు అనగా ఇరువదియైదింటికి వర్గమూలము. అది ఒకటియు, నాలుగు ఆరులును. ఈ విధముగా ఎంతవరకైనను పోవచ్చును. అంత భయంకరముగా కనుపించిన ప్రశ్నకు జవాబు మూడు! ఇట్లు నిరంతరము సాగినపుడు విలువ మూడునే చేరునని రుజువు చేయుట పైతరగతుల పని; కాని మెట్లను సరిచూచుకొనుటకు హైస్కూలు చదువు చాలును. రామానుజన్ ఆ పత్రికలో యాబదికి పైగా ప్రశ్నలు వేసెను. 1914లో కేంబ్రిడ్జికి పోకముందు అతనికి తోడి విద్యార్థులును, పరీక్షకులును ఆ పత్రికా పాఠకులే.

అయ్యరుగారు 1936లో దివంగతులైరి. వారు నాటిన చెట్టునీడ మన ప్రాంతమునకును సోకెను. బాపట్లలో హైస్కూలు చదువు ముగించిన కొమరవోలు చంద్రశేఖరన్‌గారు ఆ సంఘపత్రికకు సంపాదకులై, 1971 మొదలు 1974 వరకు అంతర్జాతీయ గణిత సంఘమునకు అధ్యక్షులుగా నుండిరి.

రామానుజన్ వంటివాడు ప్రతి గ్రామమునను పుట్టడు. కాని లెక్క తెగక దిగులుపడు బాలుడు ప్రతి గ్రామమునను కలడు. మన గ్రంథాలయములో ఒక బల్లను, ఒక నోటుపుస్తకమును అట్టివారికై కేటాయింతము. ఒకరు తమకు తెగని లెక్కను అందు వ్రాయుదురుగాక. తెలిసినవారు దాని క్రింద సాధన వ్రాయుదురుగాక. గుత్తిలో కూర్చుండి ఒక్క లేఖతో దేశమును కలిపిన ఆ పెద్దకు మన రజతోత్సవమున అంతకన్న తగిన నివాళి లేదు.