హెన్రీ స్వీటు: విద్యాసన్నాహము, ఆచార్యపదవి

ప్రాచీనాంగ్ల భాషాధ్యయనమునకు శాస్త్రీయమైన పునాది వేసిన పండితులలో హెన్రీ స్వీటు అగ్రగణ్యుడు. ఆంగ్లో-సాక్సన్ అనబడు ఆ భాషయందు అధికారము సంపాదింపగోరువానికి ఏయే సాధనలు వలయునో ఆయన జీవితము తెలుపును. అవి యన్నియు నుండియు పదవి లభింపకపోవచ్చుననియు తెలుపును.

స్వీటు 1845 సెప్టెంబరు 15వ తేదీన లండను నగరమున జన్మించెను. 1864లో జర్మనీదేశమునకేగి హైడల్‌బర్గు విశ్వవిద్యాలయమున కొలదికాలము చదివెను. జర్మను పండితుల భాషాశాస్త్ర పద్ధతులు ఆయనకు జీవితాంతము మార్గదర్శకములయ్యెను. స్వదేశమునకు మరలి కొంతకాలము గుమాస్తాగా పనిచేసెను. 1869లో జర్మను భాషయందు విద్యార్థివేతనమును గెలుచుకొని ఆక్స్‌ఫర్డునందలి బేలియల్ కళాశాలలో చేరెను.

అచట ఆయన కృషి పాఠ్యప్రణాళికకు వెలుపల సాగెను. గ్రెగరీ పోపు లాటిన్ గ్రంథమునకు ఆల్‌ఫ్రెడ్ రాజు చేసిన ఆంగ్లానువాదమును పరిష్కరించి, 1871లో ప్రకటింప నారంభించెను. ఒక ప్రాచీనప్రతి బాడ్లీ గ్రంథాలయమున నుండెను. కాటన్ సంపుటములలోని ప్రతి చాలవరకు అగ్నికి ఆహుతియైనందున, 17వ శతాబ్దమున జూనియస్ వ్రాసికొన్న నకలును ఆయన గ్రహించెను. ఈ ప్రతులను అక్షరమక్షరము పోల్చుటచే ఆల్‌ఫ్రెడ్ నాటి భాషకును, తరువాతి శతాబ్దములలోని భాషకును గల భేదము స్పష్టమయ్యెను. ఇంతటి పరిశోధకునకు 1873లో లభించినది నాలుగవ తరగతి పట్టము మాత్రమే.

1876లో ఆంగ్లో-సాక్సన్ పాఠ్యసంకలనమును, 1877లో ధ్వనిశాస్త్ర గ్రంథమును, 1882లో ప్రథమ వాచకమును, 1885లో అతిప్రాచీనాంగ్ల లేఖనముల సంపుటమును వెలువరించెను. లిపిలో నిలిచిన మృతభాషకు సయితము ధ్వనియే ప్రాణమనునది ఆయన సిద్ధాంతము.

అయినను 1885లో ఆక్స్‌ఫర్డున ఏర్పడిన మెర్టన్ ఆచార్యపీఠము నేపియరునకు దక్కెను. మాక్స్‌ముల్లరు మరణానంతరము, 1901లో, తులనాత్మక భాషాశాస్త్రపీఠము జోసెఫ్ రైటునకు లభించెను. ఇతరుల దోషములను నిర్మొగమాటముగా ఎత్తిచూపు ఆయన స్వభావము మిత్రులను దూరము చేసినమాట నిజము. ఆ యేడే ధ్వనిశాస్త్రమున రీడరు పదవి నొసగిరి. ఏబదియారవ యేట దొరకిన ఆ చిన్న పదవియందే 1912 ఏప్రిల్ 30వ తేదీన కాలధర్మము నొందెను.

పీఠము దక్కకున్నను, ఆయన వాచకములు తరతరముల విద్యార్థులకు ఆచార్యత్వము నెరపెను. 1899లో ఆయన వెలువరించిన భాషాబోధన గ్రంథము వాడుకభాషయే అధ్యయనమునకు మూలమని ప్రతిపాదించెను. గంజాము మండలమందలి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి పంతులు స్వీటు రచనలను శ్రద్ధతో పఠించి, తెలుగున వ్యావహారికభాషా వాదమునకు వానిని ఆధారముగా గైకొనెను. ఆయనయు విశ్వవిద్యాలయపీఠము నెన్నడును అధిష్ఠింపలేదు. పదవులు ఇతరులకు చెందినను, శాస్త్రము సాగినది వీరి మార్గముననే.