మన్రో దొరయు, పంచాయతి న్యాయమును

తిరుమల శ్రీ వేంకటేశ్వరస్వామివారి నివేదనములలో మన్రో గంగాళమను పేరు వినని యాత్రికుడు మన ప్రాంతమున అరుదు. ఉదరవ్యాధితో బాధపడుచుండిన యొక దొర స్వామి ప్రసాదమైన పొంగలిని సేవించి స్వస్థుడై, ఆ నివేదనము నిత్యము జరుగుటకై గ్రామాదాయము నేర్పాటు చేసెనని ఐతిహ్యము. మంత్రాలయమునను, గండిక్షేత్రమునను గూడ అతని పేర కథలు గలవు. పరప్రభుత్వపు టుద్యోగి నొకని మనవారు దేవుని సన్నిధిని నిలుపుకొనుట విశేషమే. కాని తగవులాడుకొన్న యిరువురిని ఎదురెదుట కూర్చుండబెట్టి ఊరిపెద్దలచేత సమాధానపఱచు మన ప్రాతపద్ధతికి శాసనరూప మిచ్చినవాడును, తెలిసియో తెలియకయో దానిని చెడగొట్టినవాడును ఆ మన్రోయే యని యెఱిగినవారు కొలదిమంది.

తామస్ మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గో పట్టణమున వర్తకుని యింట జన్మించెను. 1780లో కంపెనీ సేనలో చిన్న యుద్యోగియై చెన్నపట్టణము చేరి హైదరాలీతోడి యుద్ధమున పాల్గొనెను. 1792 మొదలు బారామహలులో అలెగ్జాండరు రీడు క్రింద శిస్తు పని నేర్చి, కొంతకాలము కెనరాలో నుండి, 1800లో నైజాము కంపెనీకి విడిచిపెట్టిన దత్తమండలములకు ప్రధాన కలెక్టరయ్యెను. మదనపల్లె, వాయల్పాడు సీమలు నాడు ఆ మండలములలోనివే. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడినప్పుడు కడపనుండి వచ్చి చేరినవి. తిరుపతి మాత్రము ఆర్కాటు సీమతోపాటు 1801లో కంపెనీ వశమయ్యెను.

1807 వఱకు నతడు డేరాలలో కాపురముండి ఊరూర తిరిగెను. పొలములు కొలిపించి రైతువారీ పద్ధతికి పునాది వేసెను. శిస్తు రైతు మోయగలిగినదానికంటె హెచ్చుగ నున్నదని గ్రహించి నూటికి 25 వంతున తగ్గింపుమని వ్రాసెను. తాను గవర్నరైన పిదప గాని అది సాగలేదు. ఇవి రైతులు మెచ్చిన పనులు. పాళెగాండ్ర విషయమున మాత్రము అతని చేయి కఠినమైనది. సుమారు ఎనుబది మంది పాళెగాండ్రను అణచి, కొందఱను సంస్థానభ్రష్టులను జేసి, కొందఱకు భరణములు పెట్టెను. ఇది మితిమీరినదని లండనులోని డైరెక్టర్లే యాక్షేపించిరి. 1801లో ఆదవాని సీమలోని తెర్నెకల్లు గ్రామస్థులు శిస్తు పేచీలో సర్కారు అమీలుదారుని చంపగా, సైన్యము వచ్చి ఆ యూరిని నాశనము చేసెను. అచట మధ్యవర్తి యను వాడు లేడు.

1802 మొదలు చెన్నరాజధానిలో కారన్వాలిసు పద్ధతిని జిల్లాకోర్టులు నెలకొనినవి. ఎద్దును పోగొట్టుకొన్న రైతు పలుమార్లు కోర్టునకు నడువవలె, స్టాంపు కొనవలె, వకీలును కుదుర్చుకొనవలె. దొంగ చెఱసాలకు పోయినను పోవచ్చును. ఎద్దు వెల రైతునకు రాదు. మన గ్రామములలో పూర్వమట్లు కాదు. చేను మేసిన పశువు వానివలననే పైరు నష్టము కొలిపించి యిప్పించెడివారు. తిట్టినవాడు తిట్టువడినవాని యెదుటనే తప్పొప్పుకొనవలసియుండెను. ఇరువురును మఱునాడు ఒకే బావి నీరు త్రాగవలసినవారు గదా! మన్రో ఈ మర్మము నెఱిగెను. సీమకు పోయి పార్లమెంటు సభ్యుల యెదుట సాక్ష్యమిచ్చి, 1814లో న్యాయసంస్కరణసంఘమునకు అధ్యక్షుడై తిరిగివచ్చెను.

దాని ఫలమే 1816 నాటి శాసనములు. గ్రామపెద్ద మునసబై 10 రూపాయలలోపు వ్యాజ్యములను తానే తీర్చవచ్చును. ఉభయులును కోరినచో మధ్యవర్తియై 100 రూపాయలదాక తీర్చవచ్చును. ఉభయవాదులును సమ్మతించినచో గ్రామపంచాయతి యెంతటి మొత్తమునకైనను తీర్పు చెప్పవచ్చును; పక్షపాతమో లంచమో ఋజువైననే ఆ తీర్పును కొట్టివేయవలెను. తిట్లు, చిన్నకొట్లాటలు గ్రామపెద్ద విచారణలోనివే. అపరాధిని 12 గంటలవఱకు చావడిలో నుంచవచ్చును. అయితే తక్కువజాతివాడైనచో 6 గంటలు బొండలో వేయవచ్చునట! ఒకే తప్పునకు ఒకనికి చావడి, వేఱొకనికి బొండ. ఇది దొర తెచ్చిన భేదము గాదు, మనయొద్ద నుండినదానినే యతడు శాసనమున కెక్కించెనని చెప్పవచ్చును; అందువలన మన సిగ్గు తగ్గదు.

పంచాయతులు సాగలేదు. రెండవ పక్షము సమ్మతింపనిదే పంచాయతి కూడదు, బలవంతుడేల సమ్మతించును? అంతకంటె పెద్ద లోపము మఱియొకటి. మునసబే శిస్తు వసూలుదారు, మునసబే పోలీసు. పైన జిల్లాలో మేజిస్ట్రేటు అధికారమును జడ్జినుండి తీసి కలెక్టరున కిచ్చిరి. ఇదియు 1816లోనే, ఇదియు మన్రో సలహాయే. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలువబెట్టినవాడును, ఆ రైతు మొఱ విననున్నవాడును ఒక్కడే యైనప్పుడు సమాధానమెవరికి, ఎవరితో? 1855లో చెన్నరాజధాని హింసావిచారణసంఘము, శిస్తుకొఱకును నేరాంగీకారముకొఱకును ఉద్యోగులు ప్రజలను బాధించుట నిజమేయని తేల్చెను. రెవిన్యూ, పోలీసు పనులు ఒకే చేతులలో నుండుటయే దీనికి ముఖ్యకారణమని పలువురు నాడే చెప్పిరి. కార్యనిర్వాహకమును న్యాయమును వేఱుచేయుమని కాంగ్రెసు తొలినాళ్లనుండి మొఱపెట్టినది యూరక కాదు. అది మన రాజ్యాంగమున 50వ అధికరణమై నిలిచినది. నేరవిచారణలో 1973 నాటి స్మృతితో గాని పూర్తిగా అమలునకు రాలేదు. పరంపరగా వచ్చు గ్రామమునసబు పదవి మన రాష్ట్రమున 1984లో రద్దయ్యెను.

ప్రపంచమిప్పుడు ఈ దారినే మరల వెదకుచున్నది. 1974లో కెనడాలోని ఎల్మైరా యను చిన్నయూర ఇరువురు యువకులు త్రాగిన మత్తులో 22 చోట్ల ఆస్తులు పాడుచేసిరి. జడ్జి వారిని నష్టపడినవారి గడపలకు పంపించి, తప్పు చెప్పుకొని నష్టము తీర్చునట్లు చేసెను. వెంట వెళ్లినవారికి ఆ తగవులో వీసమెత్తు లాభము లేదు. న్యూజీలండు 1989లో బాలనేరస్థుల విషయమున ఇట్టి కుటుంబసభలను చట్టమున చేర్చెను. మావోరీల ఆచారము దీనికి మార్గదర్శకమయ్యెను. మనదేశమునను కొన్ని నేరములను రాజీ చేసికొను హక్కు నేటి నాగరిక సురక్షా సంహిత 359వ సెక్షనున గలదు. రాజీపడవలసినవాడు నష్టపడినవాడే గాని ఊరిపెద్ద కాడు. మన పాఠకులలో ఊరికి పెద్దలైనవారు పెక్కురు గలరు. రచ్చబండపై కూర్చున్నప్పుడు ఎదుటివాడు తమకు బాకీపడినవాడా, తమ పాలికాపా యని వారు చూచుకొనుచున్నారా?

మన్రో 1820లో చెన్నపట్టణపు గవర్నరయ్యెను. స్వదేశమునకు మరలుటకు అనుమతి కోరి, తన తరువాతివాని రాకకై వేచియున్న దినములలో, తొలుత పనిచేసిన దత్తమండలములను కడసారి చూడ బయలుదేఱెను. దారిలో 1827 జూలై 6న పత్తికొండయొద్ద కలరా సోకి ఆనాడే మరణించెను. గుత్తిలో పాతిపెట్టిరి, 1831లో అస్థికలను చెన్నపురికోటలోని చర్చికి చేర్చిరి. పత్తికొండలో నతని పేర బావి త్రవ్వించి తోపు వేయించిరి. గుత్తిలో సత్రము కట్టిరి.