కండర శక్తి అన్వేషకుడు – యల్లాప్రగడ సుబ్బారావు

నడకకైనా, రాతకైనా, మాటకైనా ఆధారం కండరమే. ఆ కండరానికి శక్తి ఎక్కడి నుండి లభిస్తున్నది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకిన శాస్త్రవేత్తలలో అగ్రగణ్యుడు మన తెలుగువాడైన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి జగన్నాథం. బాల్యం పేదరికంలో గడిచింది. మెట్రిక్యులేషన్ పరీక్షలో మూడవసారి గాని ఉత్తీర్ణులు కాలేకపోయారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివేటప్పుడు ఖద్దరు ధరించి ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. అందువల్ల ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే దక్కింది. సోదరులను స్ప్రూ వ్యాధి బలిగొనడం ఆయన హృదయంలో మానని గాయమైంది. వ్యాధుల మూలాన్ని తెలుసుకోవాలనే దీక్షతో భార్య శేషగిరిని స్వదేశంలో విడిచి అమెరికాలోని బోస్టన్ చేరారు. ఆసుపత్రిలో చిన్న పనులు చేసి పొట్ట పోసుకుంటూ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో చదువు సాగించారు.

అక్కడ సైరస్ ఫిస్క్ వద్ద జీవరసాయన పరిశోధనకు పూనుకున్నారు. నీలిరంగు గాఢతను బట్టి భాస్వరం పరిమాణాన్ని నిర్ణయించే పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించారు. కండర సారాన్ని ఆ పద్ధతిలో పరీక్షించినప్పుడు రంగు రావలసినంత త్వరగా రాలేదు. మరొకరైతే దానిని పొరపాటని తోసిపుచ్చేవారు. సుబ్బారావు ఆ జాప్యానికి కారణం వెదికారు. కండరంలో దాగి ఉన్న అస్థిర పదార్థం ఒకటి మెల్లగా విచ్ఛిన్నమవుతున్నదని తేలింది. అదే 1927లో వెలుగు చూసిన ఫాస్ఫోక్రియాటిన్. కండరం పనిచేసేటప్పుడు అది తరిగిపోతుంది. విశ్రాంతివేళ తిరిగి సమకూరుతుంది.

1929లో వారు కండరం నుండి ఎడినోసిన్ ట్రైఫాస్ఫేట్‌ను, అనగా ఏటీపీని వేరుచేశారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దానిని స్వతంత్రంగా కనుగొన్నారు. కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న భావన ఆ రోజులలో బలంగా ఉండేది. ఆ ఆమ్లం లేకుండానే కండరం సంకోచించగలదని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త లుండ్స్‌గార్డ్ నిరూపించడంతో ఆ భావన కూలిపోయింది.

అస్థి కండరం అనేక తంతువుల కట్ట. ప్రతి తంతువులోను ఆక్టిన్ అనే సన్నని పోగులు, మయోసిన్ అనే మందమైన పోగులు వరుసగా అమరి ఉంటాయి. నాడీ ప్రేరణ అందగానే కాల్షియం విడుదలవుతుంది. మయోసిన్ తలలు ఆక్టిన్‌ను పట్టి లాగుతాయి. పోగులు ఒకదానిపై ఒకటి జారి కండరం కురచనవుతుంది. ఆ లాగుడుకు శక్తినిచ్చేది ఏటీపీయే. పట్టు విడవడానికి కూడా అదే అవసరం. మరణానంతరం దేహం బిగుసుకుపోవడానికి కారణం ఏటీపీ లోపించడమే. తరిగిన ఏటీపీని వెంటనే భర్తీ చేసేది ఫాస్ఫోక్రియాటిన్.

ఇంతటి కృషి చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత పదవి లభించలేదు. 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. ఆయన నేతృత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. సోదరులను కబళించిన స్ప్రూ వ్యాధి చికిత్సకు అది ఉపకరించింది. 1948 ఆగస్టులో, 53వ ఏట, మాతృభూమిని మళ్లీ చూడకుండానే ఆయన కన్నుమూశారు. పోగులు జారే తీరును శాస్త్రవేత్తలు వివరించినది 1954లో. దానిని చూసే భాగ్యం ఆయనకు కలుగలేదు.

కీర్తిని కోరక, చిన్న తేడానైనా ఉపేక్షించక సత్యాన్ని వెదకిన సుబ్బారావు జీవితం విద్యార్థులకు ఆదర్శప్రాయం.