కర్నల్ మెడోస్ టైలర్

యౌవనమున ఆయుధము ధరించి, పిమ్మట లేఖిని చేపట్టి కీర్తి గడించిన ఆంగ్లేయులు పలువురు కలరు. నౌకాదళాధికారియైన కెప్టెన్ మారియట్ తన సముద్ర జీవితమును నవలలుగా వ్రాసి పేరొందెను. అట్టివాడే మరియొకడు నిజాము సైన్యమున చేరి, పాలకుడై, తుదకు గ్రంథకర్తయై ప్రసిద్ధి గాంచెను. అతడే ఫిలిప్ మెడోస్ టైలర్. జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి అని నేడు మనము జిల్లాలుగా పిలుచు ప్రాంతములు ఆనాడు నిజాము ఏలుబడిలోనివే. కావున అతని చరిత్ర మనకు పరాయిది కాదు.

టైలర్ 1808వ సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన ఇంగ్లండులోని లివర్‌పూల్ నగరమున జన్మించెను. తండ్రి వర్తకుడు. బొంబాయిలోని ఒక వర్తకుని కడ పనికి కుదిరి, 1824లో, పదునైదేండ్ల ప్రాయమున, అతడు ఓడ నెక్కెను. కాని ఆ వర్తకుని వ్యాపారము క్షీణదశలో ఉండెను. ముందు దారి ఏమియో తెలియని ఆ బాలునికి బంధువొకరి సాయమున నిజాము సైన్యములో ఉద్యోగము లభించెను. నాడు ఈస్టిండియా కంపెనీ కొలువునకున్న గౌరవము ఆ ఉద్యోగమునకు లేదు. ధనము లేదు, గొప్పవారి అండ లేదు. అతనికి మిగిలినది స్వయంకృషి ఒక్కటే.

అతడు మొట్టమొదట చేసిన పని ఈ దేశపు భాషలను నేర్చుకొనుట. హిందూస్థానీ, మరాఠీ భాషలు అతనికి త్వరలోనే పట్టుబడెను. దుబాసీలతో పని లేకుండ రైతుతోను, వర్తకునితోను, బందీతోను సూటిగా మాటలాడగలిగెను. పోలీసు శాఖలో నియమింపబడి గ్రామగ్రామము తిరుగుచు, తీరిక వేళల న్యాయశాస్త్రము, భూమి కొలుచు విద్య, చిత్రలేఖనము అభ్యసించెను. హైదరాబాదున స్థిరపడిన పామరు వంశమునకు చెందిన మేరీ అను యువతిని వివాహమాడెను.

ఆ కాలమున బాటసారులతో స్నేహము నటించి, ఏకాంత ప్రదేశమున వారి గొంతునకు గుడ్డ బిగించి చంపి, ధనము దోచుకొను ముఠాలు ఉండెడివి. వారిని థగ్గులనిరి. పట్టుబడిన వారి వాఙ్మూలములను టైలర్ స్వయముగా వినెను. విన్నదానికి కల్పన జోడించి, అమీర్ అలీ అను థగ్గు తన కథను తానే చెప్పుకొనునట్లు ఒక నవల వ్రాసెను. అతడు సెలవుపై స్వదేశమునకు వెళ్ళినపుడు, 1839లో, అది ప్రచురింపబడి మిక్కిలి ఆదరము పొందెను. థగ్గులను గూర్చి ఆనాటి ఆంగ్లేయులు వ్రాసినదంతయు యథార్థము కాదని నేటి చరిత్రకారులు కొందరు తలంతురు. కాని ఒక నేరస్థుని మనస్సులోనికి తొంగిచూచిన ఆ నవల నేటికిని చదువబడుచున్నది.

1841లో టైలర్ జీవితమున ముఖ్య ఘట్టము ఆరంభమయ్యెను. కృష్ణా భీమా నదుల నడుమ సురపురమను చిన్న సంస్థానము కలదు. నేడది కర్ణాటక రాష్ట్రములో చేరియున్నది. అప్పులు, అంతఃకలహములు దానిని పీడించుచుండెను. రాజు వెంకటప్ప నాయకుడు పసివాడు. పాలనను చక్కబెట్టు భారము టైలరుపై పడెను. అతడు లెక్కలు సరిచేసి, బాటలు వేయించి, చెరువులు బాగుచేయించెను. బాలరాజు అతనిని అప్పా అని పిలుచుచు, తండ్రివలె భావించెను. పిల్లవాడు పెద్దవాడైన పిదప, 1853లో, టైలర్ రాజ్యమును అతనికి అప్పగించి వేరొక ప్రాంతమునకు తరలెను. అతని నామములోని మెడోస్ అను మాట ప్రజల నోట మహదేవ్ బాబాగా మారెను.

1857లో దేశమున గొప్ప తిరుగుబాటు చెలరేగెను. టైలర్ బీరారు ప్రాంతమున ఆంగ్లేయుల పక్షమున శాంతిని నిలుపుచుండగా, మరుసటి యేడు వెంకటప్ప నాయకుడు ఆంగ్లేయులపై కత్తి దూసెను. ఓడి హైదరాబాదున బందీ అయ్యెను. టైలర్ చెరసాలకు వెళ్ళి అతనిని చూచెను. తనను ప్రోత్సహించినవారి పేర్లు చెప్పుమని అధికారులు కోరుచున్నను, తన తప్పును ఒప్పుకొందును గాని ఇతరులను పట్టియీయనని ఆ యువకుడు పలికెను. పిరికివానివలె ప్రాణభిక్ష అడుగుటకు అతడు సమ్మతింపలేదు. దొంగవలె ఉరితీయక ఫిరంగితో కాల్చవలెనని మాత్రమే కోరెను. మరణదండన తగ్గింపబడి, చెంగల్పట్టు కోటలో నాలుగేండ్ల నిర్బంధముగా మారెను. కాని దారిలోనే అతడు తన కావలి అధికారి తుపాకి గుండు తగిలి మరణించెను. కన్నబిడ్డవలె పెంచినవానిని టైలర్ రక్షింపలేకపోయెను. తాను కొలిచిన ప్రభుత్వము ఒక వైపు, తాను ప్రేమించిన బాలుడు మరియొక వైపు నిలిచినపుడు, అతని ప్రేమకు శక్తి చాలలేదు. ఆ దుఃఖమును అతడు తన ఆత్మకథలో దాచక వ్రాసెను.

ఆరోగ్యము చెడి 1860లో అతడు ఈ దేశము వీడెను. పిమ్మట గ్రంథరచనయే అతని వృత్తి అయ్యెను. శివాజీ ఉదయించిన 1657, ప్లాసీ యుద్ధము జరిగిన 1757, మహా తిరుగుబాటు చెలరేగిన 1857, ఈ మూడు సంవత్సరములను ఆధారముగా గొని నూరేండ్ల ఎడముతో మూడు నవలలు వ్రాసెను. అవి 1863లో తార, 1865లో రాల్ఫ్ డార్నెల్, 1872లో సీత. ఒక ఆంగ్లేయ అధికారి హిందూ స్త్రీని పెండ్లాడుటను సీతలో చిత్రించుట ఆ కాలమునకు సాహసమే.

టైలర్ సురపుర సీమలో పెద్ద రాతిపలకలతో కట్టిన ప్రాచీన సమాధులను త్రవ్వించి, కొలతలు తీసి, బొమ్మలు గీసి, వానిని గూర్చి వ్యాసములు ప్రకటించెను. అవి ఐరోపాలోని ప్రాచీన సమాధులను పోలియుండుటను గమనించెను. ములుగు అడవులలో దామరవాయి కడ కానవచ్చు రాతి సమాధులు ఆ కోవకు చెందినవే. మన పల్లెప్రజలు అట్టివానిని రాక్షసగుళ్ళని పిలుచుచుందురు.

1875లో టైలరునకు చూపు క్షీణించెను. అయినను ఆ శీతకాలము గడపుటకు అతడు మరల ఈ దేశమునకే వచ్చెను. జ్వరపీడితుడై తిరిగి వెళ్ళుచు, 1876 మే 13వ తేదీన ఫ్రాన్సు దేశమందలి మెంటన్ పట్టణమున కన్నుమూసెను. అతని ఆత్మకథ మరుసటి సంవత్సరము వెలువడెను.

టైలర్ పరాయి పాలనకు సేవకుడు. ఆ సంగతి మనము మరువరాదు. కాని ప్రజల భాష నేర్చి, వారి మాట చెవినిడి, చూచినదానిని శ్రద్ధతో వ్రాసిపెట్టిన గుణము అతనికి పేరు తెచ్చెను. చెరసాలలోను తన వారిని పట్టియీయని వెంకటప్ప నాయకుని ధైర్యము నేడు మనకు తెలియుచున్నదన్న, దానికిని ఆ వ్రాతయే కారణము. బాలబాలికలారా! మీ ఊరి చెంత పాతరాయి కనిపించినపుడు, మీ యింటి వృద్ధులు గడచిన కాలపు ముచ్చటలు చెప్పునపుడు, నిలిచి చూడుడు, వినుడు, వ్రాసి ఉంచుడు.