మెల్విన్ బి. టోల్సన్

మెల్విన్ బి. టోల్సన్ (ఫిబ్రవరి 6, 1898 - ఆగష్టు 29, 1966) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన నల్లజాతి కవి, ఆచార్యుడు, వక్తృత్వ శిక్షకుడు. టెక్సాస్ రాష్ట్రంలోని మార్షల్ పట్టణంలో ఉన్న వైలీ కళాశాలలో ఇతడు తీర్చిదిద్దిన చర్చాపోటీల జట్టు, వర్ణవివక్ష చట్టబద్ధంగా అమలులో ఉన్న కాలంలోనే తెల్లజాతి విద్యార్థుల జట్లతో ఒకే వేదికపై నిలిచి వాదించింది. 2007లో విడుదలైన "ది గ్రేట్ డిబేటర్స్" చలనచిత్రానికి ఈ జట్టు చరిత్రే ఆధారం.

బాల్యము, విద్యాభ్యాసము

టోల్సన్ మిస్సోరీ రాష్ట్రంలోని మోబర్లీలో జన్మించాడు. తండ్రి అలోంజో టోల్సన్ మెథడిస్టు క్రైస్తవ బోధకుడు. బోధకవృత్తి రీత్యా కుటుంబం ఊరూరా మారుతూ ఉండేది. 1912లో టైటానిక్ నౌక మునక గురించి వ్రాసిన పద్యం ఒక స్థానిక పత్రికలో అచ్చయింది. అప్పటికి ఇతడి వయస్సు 14 సంవత్సరాలు. కాన్సస్ సిటీలో ఉన్నత పాఠశాల విద్య ముగించి, కొంతకాలం ఫిస్క్ విశ్వవిద్యాలయంలో చదివి, తరువాత పెన్సిల్వేనియాలోని లింకన్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడయ్యాడు. 1922లో రూత్ సౌతాల్‌ను వివాహమాడాడు. వీరికి ముగ్గురు కుమారులు, ఒక కుమార్తె.

వైలీ కళాశాలలో

1873లో నల్లజాతివారి కొరకు మెథడిస్టు సంఘం స్థాపించిన వైలీ కళాశాలలో టోల్సన్ 1924లో ఆంగ్లము, వక్తృత్వము బోధించే ఉద్యోగంలో చేరాడు. పాఠాలతో పాటు నాటకాలకు దర్శకత్వం వహించేవాడు. ఫుట్‌బాల్ ఆటగాళ్ళకు శిక్షణ కూడా ఇచ్చేవాడు. అయితే ఇతడికి చిరకీర్తిని తెచ్చిపెట్టినది చర్చాపోటీల జట్టే.

శిక్షణ పద్ధతి

చర్చాపోటీలో ఒక తీర్మానాన్ని ఒక జట్టు సమర్థిస్తే మరొక జట్టు వ్యతిరేకిస్తుంది. ముందుగా సిద్ధం చేసుకున్న ప్రసంగాల తరువాత ఖండనలు ఉంటాయి. ఎదుటివారు ఏమి చెప్పబోతున్నారో ముందే ఊహించగలగడమే ఇందులో అసలు విద్య. మన తర్కశాస్త్ర సంప్రదాయంలో పూర్వపక్షాన్ని చక్కగా నిరూపించిన తరువాతనే సిద్ధాంతాన్ని స్థాపించడం వంటిదే ఇదీ. టోల్సన్ తొలి రోజులలో ప్రసంగాలను తానే వ్రాసి విద్యార్థులచేత కంఠస్థం చేయించేవాడు. ప్రతిపక్షం వాదనలను ఊహించి వాటికి ఖండనలను సైతం పోటీకి ముందే సిద్ధం చేసేవాడు. ఎక్కడ ఆగాలి, ఎక్కడ చేయి ఎత్తాలి అనేంత వరకు సాధన చేయించేవాడు. సాయంకాలాలలో విద్యార్థులను తన ఇంటికి పిలిచి, వారు ఏ అభిప్రాయం చెప్పినా దానికి వ్యతిరేకంగా వాదించి, వారే తమ వాదనలోని లోపాన్ని గుర్తించేలా చేసేవాడు.

చారిత్రక పోటీలు

1930లో వైలీ జట్టు షికాగో నగరంలో మిచిగాన్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విద్యార్థులతో తలపడింది. నల్లజాతి, తెల్లజాతి విద్యార్థుల మధ్య జరిగిన తొలి చర్చలలో ఇది ఒకటి. ఈ చర్చలో విజేతను ప్రకటించలేదు. జట్టులో తొలి మహిళ అయిన హెన్రియెట్టా బెల్ వెల్స్ ఇందులో పాల్గొన్నది. 1935లో లాస్ ఏంజెలెస్‌లో, అప్పటి జాతీయ విజేత అయిన దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం జట్టుపై వైలీ విజయం సాధించింది. కాని నల్లజాతి కళాశాలలకు జాతీయ చర్చాసంఘంలో సభ్యత్వం లేనందున జాతీయ విజేత అనే బిరుదు వారికి దక్కలేదు. దక్షిణ రాష్ట్రాలలో ప్రయాణించేటప్పుడు హోటళ్ళు వీరికి గది ఇచ్చేవి కావు. తోటి నల్లజాతివారి ఇండ్లలో బస చేయవలసివచ్చేది.

శిష్యులు

జేమ్స్ ఫార్మర్ 14వ ఏట వైలీలో చేరి ఈ జట్టులో శిక్షణ పొందాడు. 1942లో షికాగోలో మిత్రులతో కలిసి జాతి సమానత్వ మహాసభ (కోర్) అనే సంస్థను స్థాపించాడు. మహాత్మా గాంధీ అహింసా పద్ధతి ఈ సంస్థకు మార్గదర్శకమయింది. 1961లో ఈ సంస్థ చేపట్టిన స్వాతంత్ర్య యాత్రలు అంతర్రాష్ట్ర బస్సులలోని వర్ణవివక్షను ఎదిరించాయి. 1962లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో మాల్కం ఎక్స్‌తో ఫార్మర్ బహిరంగంగా చర్చించాడు. మరొక శిష్యుడు హెమాన్ స్వెట్ 1946లో టెక్సాస్ విశ్వవిద్యాలయ న్యాయకళాశాల తనకు ప్రవేశం నిరాకరించగా న్యాయస్థానానికి వెళ్ళి, 1950లో సర్వోన్నత న్యాయస్థానంలో గెలిచాడు. 1954లో పాఠశాలల్లో వేర్పాటును రద్దు చేసిన తీర్పుకు ఇది దారి సుగమం చేసింది.

సాహిత్య కృషి

1930వ దశకం తొలినాళ్ళలో టోల్సన్ కొలంబియా విశ్వవిద్యాలయంలో హార్లెం రచయితలపై పరిశోధన చేశాడు. ఎం.ఎ. పట్టా 1940లో లభించింది. 1937 నుండి 1944 వరకు వాషింగ్టన్ ట్రిబ్యూన్ పత్రికలో ఒక శీర్షిక నిర్వహించాడు. 1944లో "రాండెవూ విత్ అమెరికా", 1953లో "లిబ్రెట్టో ఫర్ ది రిపబ్లిక్ ఆఫ్ లైబీరియా", 1965లో "హార్లెం గ్యాలరీ" వెలువడ్డాయి. 1947లో లైబీరియా దేశం ఇతడిని తమ ఆస్థానకవిగా ప్రకటించింది. తేలికైన శైలిలో మొదలై క్రమంగా క్లిష్టమైన ఆధునిక కవిత్వం వైపు మళ్ళడం వలన, సామాన్య పాఠకులకు దూరమయ్యాడన్న విమర్శ కూడా ఉంది.

చివరి దశ

1947లో టోల్సన్ ఓక్లహోమాలోని లాంగ్‌స్టన్ విశ్వవిద్యాలయంలో చేరి ఆంగ్లము, నాటకము బోధించాడు. లాంగ్‌స్టన్ పట్టణానికి పలుమార్లు మేయరుగా ఎన్నికయ్యాడు. 1966లో డల్లాస్‌లో క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. "హార్లెం గ్యాలరీ" ఐదు సంపుటాల మహాకావ్యంలో తొలి భాగంగా ఉద్దేశించినది. తక్కిన భాగాలు పూర్తికాలేదు.

చలనచిత్రము

డెంజల్ వాషింగ్టన్ దర్శకత్వం వహించి, టోల్సన్ పాత్ర ధరించిన "ది గ్రేట్ డిబేటర్స్" వలన ఇతడి పేరు మరల వెలుగులోకి వచ్చింది. చిత్రంలో చివరి పోటీ హార్వర్డ్ విశ్వవిద్యాలయంతో జరిగినట్లు చూపారు. వాస్తవంగా 1935లో ఓడినది దక్షిణ కాలిఫోర్నియా జట్టు. విద్యార్థుల పాత్రలలో కొన్ని కల్పితాలు. కనుక చిత్రాన్ని చరిత్రగా స్వీకరించరాదు. వైలీలో చర్చాజట్టును పునరుద్ధరించడానికి వాషింగ్టన్ 2007లో పది లక్షల డాలర్ల విరాళం ప్రకటించాడు.