జాన్ న్యూటన్ చూచిన ఆకాశము

(చదువవలసిన భాగము: కీర్తన 107:23–24)

పగలెల్ల పొలములో పాటుపడి, రాత్రి వాకిట మంచము వాల్చుకొని నక్షత్రములను చూచు సంతోషము మన సంఘస్థులకు తెలిసినదే. ఓడవారికి అది ఇంకను ఎక్కువ. సముద్రముమీద చెట్టుగాని కొండగాని అడ్డము రాదు. ఆ సంతోషమెరిగిన ఒక కెప్టెనును గూర్చి ఈ నెల వ్రాయుచున్నాము.

జాన్ న్యూటన్ 1725 జూలై 24వ తేదీన లండనులో పుట్టెను. భక్తిగల తల్లి అతనికి వాక్యము నేర్పెను గాని ఏడేండ్లు నిండకముందే ఆమె చనిపోయెను. పదునొకండవ యేట తండ్రితో ఓడ ఎక్కెను. యౌవనమున దేవుని దూషించుచు తిరిగెను. 1748 మార్చిలో అట్లాంటిక్ సముద్రమున తుపాను పట్టి ఓడ మునుగబోవుచుండగా దేవునికి మొఱ్ఱపెట్టెను.

ఆ తుపానుతోనే అతడు బానిసల వర్తకము మానెనని మేమును ప్రసంగములలో చెప్పియున్నాము. అది పొరపాటు. దేవునివైపు తిరిగిన తరువాతనే, 1750 మొదలు 1754 వరకు, అతడు మూడు పర్యాయములు కెప్టెనుగా ఆఫ్రికా తీరమునకు పోయి, మనుష్యులను కొని, కరీబియన్ దీవులలో అమ్మెను.

ఓడలో కెప్టెనుకు పని తక్కువ కాదు. అయినను తీరిక దొరికిన దినములను అతడు మూడు భాగములు చేసికొనెను: నిద్రకు భోజనమునకు ఎనిమిది గంటలు, వ్యాయామమునకు ప్రార్థనకు ఎనిమిది, పుస్తకములకు ఎనిమిది. ఆదివారము నావికులను కూర్చి రెండుసార్లు ఆరాధన జరిపెను. విశాలమైన ఆకాశము, విశాలమైన సముద్రము ఎల్లప్పుడు కన్నుల యెదుట నుండుట విశ్వాసమునకు గొప్ప సహాయమని, ఆ ప్రయాణములలో అనుభవించినంత మధురమైన దైవసహవాసము మరెన్నడును ఎరుగనని, 1764లో అచ్చయిన తన జీవితకథలో వ్రాసికొనెను.

ఇందులో వేషధారణ లేదని మేము నమ్ముచున్నాము. మాకు భయము పుట్టించునది అదియే. అతడు నిలిచి ఆకాశమును చూచిన పలకల క్రిందనే పురుషులు ఇద్దరిద్దరుగా సంకెళ్లతో కట్టబడియుండిరి. సుమారు ఐదడుగుల ఎత్తుగల చోటును నడుమ రెండంతస్తులుగా చేసి, బీరువాలో పుస్తకములు పేర్చినట్లు వారిని పండబెట్టెడివారు. ఇది శత్రువులు కల్పించిన మాట కాదు. అతడే తరువాత వ్రాసెను. పైనున్న నక్షత్రములు కనబడెను, క్రిందనున్న మూల్గు చెవిని పడినను హృదయమునకు చేరలేదు.

1754లో ఓడ విడుచుటకు కారణము కూడ పశ్చాత్తాపము కాదు, అకస్మాత్తుగా వచ్చిన మూర్ఛ. పిమ్మట లివర్‌పూల్ రేవులో సుంకపు ఉద్యోగము చేసి, 1764లో ఓల్నీ గ్రామమునకు పాదిరి ఆయెను. లోకమంతట పాడబడు అమేజింగ్ గ్రేస్ అను కీర్తనను 1773 నూతన సంవత్సర ఆరాధన కొరకు వ్రాసెను. అప్పటికిని బానిసలను గూర్చి బహిరంగముగా నోరు విప్పలేదు.

ఓడ దిగిన ముప్పదినాలుగేండ్లకు, 1788లో, ఆ వర్తకమును గూర్చి పుస్తకము ప్రచురించి, తానును అందులో పాలివాడనని సిగ్గుతో ఒప్పుకొనెను. పార్లమెంటు సభ్యుల యెదుట సాక్ష్యమిచ్చెను. ఈ పోరాటము నడిపిన విల్బర్‌ఫోర్సుకు తోడుగా నిలిచెను. 1807 మార్చిలో ఆ వర్తకమును నిషేధించు చట్టము వచ్చెను. ఆ సంవత్సరమే డిసెంబరు 21వ తేదీన న్యూటన్ మరణించెను. అప్పటికి అతని కన్నుల చూపు చాలమట్టుకు పోయియుండెను.