పందెపు వీరుడు బ్లూయీ విల్కిన్సన్

అరకు కనుమదారిలో మలుపు రాగానే వాహనచోదకుని కాలు బ్రేకు మీదికి పోతుంది. స్పీడ్‌వే పందెపు మోటారు సైకిలుకు అసలు బ్రేకే ఉండదు. మట్టి పరచిన అండాకారపు బాటపై నలుగురు పోటీదారులు నాలుగు చుట్లు తిరగాలి. మలుపులో వెనుక చక్రాన్ని పక్కకు జార్చి, ఉక్కు తొడుగు వేసిన ఎడమ పాదాన్ని నేలకు ఆన్చి బండిని అదుపు చేయాలి. ఈ క్రీడ 1920వ దశకంలో ఆస్ట్రేలియాలో వ్యాపించి, 1928లో ఇంగ్లండులో వేళ్లూనింది.

ఆర్థర్ జార్జ్ విల్కిన్సన్ 1911లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో జన్మించాడు. ఆయనది ఎర్రని జుట్టు. అటువంటి వారిని ఆ దేశస్థులు పరిహాసంగా 'బ్లూయీ', అంటే నీలివాడు, అని పిలుస్తారు. ఆ పేరే ఆయనకు స్థిరపడింది. యౌవనారంభంలోనే లండను చేరి వెస్ట్ హామ్ జట్టు తరఫున పందేలలో పాల్గొన్నాడు.

1936లో వెంబ్లీ మైదానంలో తొలి ప్రపంచ పోటీ తుది ఘట్టం జరిగింది. ఆ రాత్రి విల్కిన్సన్ తాను దిగిన అయిదు పందేలూ గెలిచాడు. అయినా విజేత కాలేదు! అంతకుముందరి దశలలో సంపాదించిన అదనపు పాయింట్లను కూడా కలపడం నాటి నియమం. ఒక్క పాయింటు తేడాతో ఆయన మూడవ స్థానానికి జారగా, కిరీటం మరో ఆస్ట్రేలియా వీరుడు లయొనెల్ వాన్ ప్రాగ్‌కు దక్కింది. వాన్ ప్రాగ్ సామాన్యుడు కాడు. కాని ఆ నియమాన్ని న్యాయమనడం కష్టం.

1938లో భుజం దగ్గరి ఎముక విరిగినా, కట్టుతోనే అదే మైదానంలో దిగి ప్రపంచ విజేత అయ్యాడు. పిమ్మట పందేలు విరమించి షెఫీల్డులో పోటీల నిర్వహణ చేపట్టాడు. యుద్ధం రావడంతో స్వదేశం చేరాడు. 1940 జూలైలో సిడ్నీ నగరంలో జరిగిన మోటారు సైకిలు ప్రమాదంలో మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరాలు.